మాత్ర మ్రింగుట అవిశ్వాసమా?

ధ్యానమునకు: లూకా 10:30–37, 2 రాజులు 5:1–14



జీడిమెట్ల పారిశ్రామికవాడలో సేవచేయుచున్న నేను మీ పల్లె సంఘములకు ఈ మాటలు వ్రాయుచున్నాను. ఎందుకనగా మా మందిరమునకు వచ్చువారిలో అనేకులు మీ బిడ్డలే. షాపూర్‌నగర్‌లోను, చింతల్‌లోను, సూరారంలోను ఇరుకు గదులలో నివసించుచు, మందుల కంపెనీలలోను, ప్లాస్టిక్ యంత్రములయొద్దను పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు చేయువారు వారే. క్రిస్మసుకు, కోతకాల పండుగకు వారు మీయొద్దకు వత్తురు. పండుగ తీరినపిమ్మట మరల మాయొద్దకు వత్తురు. అటు పోయినపుడు బాగుగా నుండి, ఇటు వచ్చునప్పటికి చెడిపోయిన కొందరిని నేను చూచితిని. వారి చెడుపునకు కల్లు దుకాణము మాత్రమే కారణమైనయెడల నేను ఈ వ్యాసము వ్రాయనక్కరలేదు. మన మందిరములుకూడ కారణమైనవి గనుక వ్రాయుచున్నాను. నేనుకూడ కారణమైతిని గనుక సిగ్గుతో వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘస్థుడొకడు, నలుబదేండ్లలోపువాడు, త్రాగుడుచేత పని పోగొట్టుకొనునంతవరకు వచ్చెను. భార్య అతనిని ప్రభుత్వ ఆస్పత్రికి తీసికొనిపోయెను. అక్కడ కొన్ని దినములుంచుకొని, వణుకును నిద్రలేమిని తగ్గించి, దినమునకొక మాత్ర వ్రాసి, మేము చెప్పువరకు మానవద్దని పంపిరి. అతడు అయిదు నెలలు చుక్క ముట్టలేదు. పిల్లల ఫీజు కట్టెను. తాకట్టులోనున్న భార్య పుస్తెలు విడిపించెను. ఆ సంవత్సరము కోతకాల పండుగకు స్వగ్రామమునకు పోగా అక్కడ ఉజ్జీవకూటములు జరుగుచుండెను. ప్రసంగీకుడు, నిన్ను విడిపించినది ప్రభువా, మాత్రయా అని అతనిని అందరియెదుట అడిగెను. అతడు ఏడ్చుచు జేబులోని మాత్రలు తీసి వేదికముందర పడవేసెను. జనులు చప్పట్లు కొట్టిరి. ఆహ్వానితుడనై వేదికమీద కూర్చున్నవారిలో నేనొకడను. నేనును చప్పట్లు కొట్టితిని. అంతటితో ఆగక, తరువాతి ఆదివారము మా మందిరములో అతనిచేత అదే సాక్ష్యము చెప్పించితిని.

మూడు వారములు గడచినవి. నాలుగవ వారమున అతడు త్రాగెను. సిగ్గుచేత ఆస్పత్రికి పోలేదు, మందిరమునకు రాలేదు. విడుదల పొందితినని చెప్పిన నోటితో పడిపోతినని చెప్పుట ఎట్లు? తరువాతి వర్షకాలమున రక్తము కక్కుకొని చనిపోయెను. సమాధి ఆరాధన నేనే జరిగించితిని. తిరిగివచ్చునపుడు అతని భార్య నాతో ఇట్లనెను: "గోళీలు పారేసిన్నాడు అందరు సప్పట్లు కొట్టిండ్రు అయ్యగారూ. గోళీలేసుకున్న అయిదు నెలలు ఒక్కలన్న ఇంటికొచ్చి సూడలే."

నేను వేదాంత కళాశాలలో గ్రీకు భాష నేర్చినవాడను. ఇరువదియైదేండ్లకు పైగా ప్రసంగించినవాడను. ఆమెకిచ్చుటకు నాయొద్ద ఒక్క మాటయు లేకపోయెను. ఈ వ్యాసము ఆమెకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు.

సహోదరులారా, త్రాగుడు పాపమా, రోగమా అని మీరు అడుగుదురు. మొదటి గ్లాసు ఎత్తుకొన్న చెయ్యి తన ఇష్టముచొప్పుననే ఎత్తుకొన్నది. దానిని నేను కాదనను. అయితే ఏండ్లతరబడి త్రాగినవాని మెదడును, నరములును ఆ మత్తునకు అలవాటుపడి, అది లేనిదే నడువజాలని స్థితికి వచ్చును. అప్పుడు హఠాత్తుగా మానినయెడల చేతులు వణకును, నిద్ర పట్టదు, కొందరికి మూర్ఛ వచ్చును, కొందరు లేనివాటిని చూచి కేకలు వేయుదురు. ఇది పశ్చాత్తాపము లేనందున కలుగునది కాదు. దేహము చేయు తిరుగుబాటు.

దీనికి మన ప్రాంతమే సాక్షి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లుమీద గట్టి దాడులు చేయగా, నిజామాబాదు, మెదకు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఆ కల్లునకు అలవాటుపడినవారు అనేకులు మూర్ఛలతోను, మతిభ్రమతోను ఆస్పత్రుల పాలైరి. ఆ కల్లులో ఈతచెట్టు రసముకంటె క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ అను మత్తుమందులే బలముగా పనిచేయుచుండెను. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌనుచేత మద్యము దుకాణములు మూతపడినపుడు ఎర్రగడ్డ మానసిక వైద్యాలయమునకు అట్టివారే గుంపులుగా వచ్చిరి. 2025 జూలైలో మాకు ప్రక్కనేయున్న కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు చనిపోయిరి, మరి పలువురు మూత్రపిండములు చెడి నిమ్స్ ఆస్పత్రిలో చేరిరి. ఆ కల్లులో ఆల్ప్రజోలామ్ ఉన్నట్లు పరీక్షలలో తేలెను.

దుకాణము మూసిన మాత్రాన రోగి బాగుపడడని ఈ సంగతులు చెప్పుచున్నవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మన అక్కచెల్లెండ్రు సారాపై యుద్ధము చేసిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ స్త్రీల ధైర్యమును దేవుడు మరువడు. అయినను దుకాణము మూసినరాత్రి ఇంటిలో వణకుచు పడియున్న మనుష్యుని ఎవరు చూచిరి? అతనికి వైద్యుడు కావలెను. వైద్యుడిచ్చిన మందు దినదినము వేసికొనుటకు తోడు కావలెను. ఆ తోడు మన సంఘమే కావలెనని నా వాదము.

2019లో కేంద్రప్రభుత్వముకొరకు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రకటించిన సర్వేప్రకారము మన దేశములో సుమారు 2.9 కోట్లమంది మద్యమునకు పూర్తిగా బానిసలైనవారు. అట్టి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందెను. ముప్పదియేడుగురు దారిప్రక్కన పడియున్నారు. ఎంతో కష్టముమీద సత్రమునకు చేరిన ఆ ముప్పదియెనిమిదవవానిచేతిలోని మందును మనము పారవేయించుచున్నాము! యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరేగాని, గాయమునకు కట్టిన కట్టు ఊడదీయలేదు. మనము వారికంటె చెడ్డ పని చేసితిమి.

ఈ మందులు ఏమైయున్నవో తెలియక మాటలాడుట తగదు గనుక కొంచెము చెప్పెదను.

మొదటిది డైసల్ఫిరామ్. 1937లో అమెరికా దేశమున రబ్బరు పరిశ్రమలో వాడు రసాయనము తగిలిన కార్మికులు మద్యము త్రాగజాలకపోవుటను ఒక కర్మాగార వైద్యుడు గమనించెను. జీడిమెట్లవారికి ఇటువంటి సంగతి సులభముగా అర్థమగును. 1948లో డెన్మార్కు దేశపు వైద్యులు హాల్డ్, యాకబ్సెన్ అనువారు అదే జాతి రసాయనమును చికిత్సకు వాడవచ్చునని లోకమునకు తెలిపిరి. ఈ మాత్ర వేసికొన్నవాడు త్రాగినయెడల ముఖము ఎఱ్ఱబారి, తలనొప్పి, వాంతి, గుండెదడ, ఆయాసము కలుగును, కొందరికి ప్రాణాపాయము. ఆఖరి మాత్ర వేసికొన్న తరువాతకూడ రెండు వారములవరకు దీని ప్రభావముండవచ్చును. ఇది కోరికను చంపదు. త్రోవకు అడ్డముగా నిలుచు కంచెవంటిది. రెండవది నాల్ట్రెక్సోన్. సాధారణముగా దినమునకొక మాత్ర. ఇది త్రాగుడువలన కలుగు సంతోషమును, త్రాగవలెనను కోరికను తగ్గించును. మూడవది అకాంప్రోసేట్. ఇది దినమునకు మూడుసార్లు వేసికొనవలసినది. మానినవాని మెదడులోని అలజడిని అణచుటకు ఉపయోగపడును. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అను ఈ రెంటిని 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. నల్లమందు, హెరాయిన్ జాతి మత్తులకు లోబడినవారికి నాలుకక్రింద కరగించుకొను బ్యుప్రెనార్ఫిన్ ఇత్తురు. అది 2005 నుండియే ఆ పట్టికలో నున్నది.

ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. కాలేయము, మూత్రపిండములు, గుండె చూచి ఇచ్చు మందులివి. అయితే వీటన్నిటికిని ఒక సామాన్య లక్షణమున్నది: వేసికొన్నవానికే పనిచేయును. పది దినములు వేసికొని మానినవానికి పనిచేయవు. నెలలు, ఏండ్లు పట్టును. ఇచ్చటనే మనవారు తొట్రిల్లుదురు. ఇచ్చటనే ఆక్షేపణలు లేచుచున్నవి. ఒక్కొక్కదానికి జవాబు చెప్పెదను.

మొదటి ఆక్షేపణ: "ప్రార్థన చేసినాము గదా, ఇక మాత్ర యెందుకు? అది అవిశ్వాసము." అయ్యా, నాకు రక్తపు పోటు ఉన్నది. ప్రతి ఉదయము మాత్ర వేసికొని మీ యెదుట ప్రసంగించుచున్నాను. ఎవరును నన్ను అవిశ్వాసి యనలేదు. చక్కెరవ్యాధిగల సంఘపెద్ద ఇన్సులిను సూదిని ఎవరును వేదికముందర పడవేయింపలేదు. పెద్దమనుషుల రోగమునకు మందు దేవుని కృప, పేద త్రాగుబోతు రోగమునకు మందు అవిశ్వాసమా? ఇది విశ్వాసమును గూర్చిన సిద్ధాంతము కాదు. మనుష్యుని చూచి మాటలాడు పక్షపాతము. యాకోబు తన పత్రికలో బంగారు ఉంగరము పెట్టుకొనినవానిని గూర్చియు, మురికిబట్టలవానిని గూర్చియు వ్రాసినది దీనినే.

హిజ్కియా రాజును జ్ఞాపకము చేసికొనుడి. అతనికి పదునైదు సంవత్సరముల ఆయుష్షు పెంచెదనని దేవుడు ముందే సెలవిచ్చియున్నాడు. అయినను యెషయా అంజూరపు ముద్ద తెప్పించి పుండుమీద కట్టించెను. వాగ్దానమున్నది గనుక ముద్ద అక్కరలేదని ఆ ప్రవక్త అనలేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. పౌలు అతనిని ప్రియుడనియే పిలిచెను. కడుపు జబ్బుతోనున్న తిమోతికి పౌలు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసినది ఔషధముగానే. మన త్రాగుబోతులు సాకుగా ఎత్తిచూపు ఆ వాక్యమే మందు వేసికొమ్మని చెప్పు వాక్యము.

రెండవ ఆక్షేపణ: "ఒక్కసారి విడిపింపబడినవానికి ఏండ్లతరబడి మందెందుకు? దేవుడు క్షణములో చేయలేడా?" చేయగలడు. చేసిన దినములున్నవి. అయినను నయమానును ఒక్క మునుకతో బాగుచేయగల దేవుడు ఏడుసార్లు మునుగుమనెను. ఆరవసారి లేచినపుడు అతని చర్మము ఎట్లుండెనో మనకు చెప్పబడలేదు. ఆరవసారి గట్టెక్కి ఇంటికి పోయినయెడల ఏమగునో మాత్రము మీరే ఊహింపవచ్చును. కోపగించి వెళ్లిపోవుచున్న అతనిని బ్రతిమాలి యొర్దాను నీళ్లలోనికి దింపినవారు ఎవరు? అతని పనివారు. ప్రవక్త మందు చెప్పెను. పనివారు దానిని వేసికొనునట్లు చేసిరి. మన సంఘములలో ప్రవక్తలు ఎక్కువైరి, అట్టి పనివారు తక్కువైరి. అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ దినమునకు ఆ దినము దొరికెను. దినదినము వంగి ఏరుకొనుట అవిశ్వాసము కాదు. అదియే వారి విశ్వాసము.

మూడవ ఆక్షేపణ: "ఒక మత్తు మాని మరియొక మత్తు పట్టుకొనుట గదా?" ఈ మాటలో తెలివియున్నట్లు కనబడును. అయితే డైసల్ఫిరామ్, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఈ మూటిలో ఏదియు మత్తు పుట్టించునది కాదు. బ్యుప్రెనార్ఫిన్ సంగతి వేరు. అది నల్లమందు జాతికే చెందినది, హఠాత్తుగా మానరాదు. ఆ నిజమును దాచను. అయితే సూదితో హెరాయిన్ ఎక్కించుకొని మురికికాలువప్రక్కన పడియుండువాడు, వైద్యుని కన్నులయెదుట కొలిచియిచ్చిన మందును నాలుకక్రింద పెట్టుకొని షిఫ్టుకు పోవువాడు, ఈ ఇద్దరు ఒక్కటేనా? చికిత్సలోనున్నంతకాలము ఇట్టివారి మరణములు సుమారు సగమునకు తగ్గునని అనేక దేశముల లెక్కలు చూపుచున్నవి. మందు మానిన తొలి వారములలోనే అపాయము హెచ్చు; ఎందుకనగా దేహము పాత మోతాదును ఇక తట్టుకొనజాలదు. పారవేయించిన మందుకు దేవుడు మనలను లెక్క అడుగును.

నాలుగవ ఆక్షేపణ నోటితో చెప్పునది కాదు, చేతితో చేయునది. మన తల్లులు, భార్యలు విసిగిపోయి, త్రాగుడు మాన్పించు పొడి అని గోడలమీద వ్రాసినవాటిని నమ్మి కొనితెచ్చి, భర్తకు తెలియకుండ పప్పులోను చాయలోను కలుపుచున్నారు. కొందరు డైసల్ఫిరామ్ మాత్రనే నూరి కలుపుచున్నారు. అమ్మా, మీ కన్నీటిని నేనెరుగుదును. అయినను ఇది చేయకుడి. తనకు తెలియక ఆ మందు తిన్నవాడు తెలియక త్రాగును. అప్పుడు గుండె ఆగి చనిపోవచ్చును. బ్రదికి సంగతి తెలిసికొన్నయెడల ఇంటి అన్నమును ఇక నమ్మడు, మందును నమ్మడు. డైసల్ఫిరామ్ మొదలుపెట్టుటకు కనీసము పండ్రెండు గంటలు మద్యము ముట్టక యుండవలెను. ఇదంతయు రోగికి తెలిసి, అతడు ఒప్పుకొని జరుగవలసినది. వెలుగు సంబంధులము చీకటిలో మందు పెట్టరాదు.

ఇక మన సొంత చరిత్ర వినుడి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనువారు కుష్ఠరోగులకు ఆస్పత్రి తెరచిరి. డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ అయ్యగారును అందుకు పాటుపడిరి. రాజా నర్సాగౌడు అను హిందూ సహోదరుడు ధారాళముగా ధనసహాయము చేసెను. అక్కడ రోగులకు హిడ్నోకార్పస్ నూనెను సూదులద్వారా ఇచ్చిరి. నొప్పి గలిగిన సూదులు. ఒక వారము కాదు, ఒక నెల కాదు, ఏండ్లతరబడి. ఆ నూనె పూర్తి మందు కాదని నేడు మనకు తెలియును. మంచి మందులు తరువాత వచ్చెను. అయినను ఆ భక్తురాలు, ప్రభువు ఒక్క మాటతో కుష్ఠరోగిని శుద్ధిచేసెను గనుక సూది అవిశ్వాసమని అన్నదా? ప్రార్థించి సూది వేసెను. మరల వేసెను. ఆ సేవఫలమును అనుభవించిన ప్రాంతపు క్రైస్తవులమైన మనము నేడు మాత్రను చూచి పెదవి విరచుట కృతఘ్నత. క్షయరోగులు మాత్రలు మానకుండ ఎదుట కూర్చుండబెట్టి మ్రింగించిన గ్రామ సేవకులను మీరెరుగుదురు. ఆ పనియే ఇక్కడను చేయవలెను.

అట్టి తోడు నిజముగా పనిచేయునా? 2004లో ముంబయికి చెందిన డిసూజా అను వైద్యులు ఒక పరిశోధన ప్రకటించిరి. కుటుంబపు అండగల 100 మంది పురుషులకు, సగము మందికి డైసల్ఫిరామ్, సగము మందికి నాల్ట్రెక్సోన్ ఇచ్చి ఏడాది చూచిరి. ఇంటివారు దగ్గరుండి మందు ఇచ్చుచుండిరి. ఏడాది చివరకు డైసల్ఫిరామ్ వేసికొన్నవారిలో నూటికి 86 మంది, నాల్ట్రెక్సోన్ వేసికొన్నవారిలో నూటికి 44 మంది మానియుండిరి. డైసల్ఫిరామ్ అందరికిని తగినదని దీని అర్థము కాదు. ఒంటరిగా వేసికొనుమని చేతికిచ్చిన డైసల్ఫిరామ్ అంతగా పనిచేయదని, చూచువారున్నప్పుడే దాని బలము కనబడునని వైద్యులు చెప్పుదురు. మందులోని బలమునకు మనుష్యుని తోడు కావలెను. ఆ తోడు సంఘముకంటె ఎక్కువగా ఎవరియొద్దనున్నది?

కావున నేను వట్టి గద్దింపుతో ముగింపను. చేయవలసిన పనులు చెప్పెదను.

ఒకటి: రోగి ఒప్పుకొన్నయెడల, అతడు నమ్మిన ఒక్కరు ప్రతి ఉదయము కుటుంబప్రార్థన ముగిసిన వెంటనే మాత్రను నీళ్లతో అందియ్యవలెను. ప్రార్థనకు వేళయున్నట్టే మాత్రకును వేళ యుండవలెను. రాత్రి షిఫ్టువాడైతే ఇంటికి వచ్చిన వేళ. మాత్ర ఇచ్చునపుడు నిన్నటి తప్పులు తవ్వకూడదు. "దేవునికి స్తోత్రము, నేడుకూడ వేసికొంటివి" అని చాలించుడి.

రెండు: మాత్రలు అయిపోవుటకు వారము ముందే ఆస్పత్రికి పోవు దినమును గోడకేలండరుమీద గుర్తుపెట్టుడి. పని మానుకొని ఒంటరిగా వరుసలో నిలుచుట కష్టము. సంఘపెద్ద ఒకరు వెంట పోవలెను. బస్సు చార్జీ లేనియెడల కానుకలలోనుండి ఇయ్యవలెను. పండుగకు ఊరికి వచ్చువానికి పండుగ దినములన్నిటికిని సరిపడ మాత్రలు సంచిలో ఉన్నవో లేవో చూచి పంపుట మా పని. అవి వేసికొనునట్లు చూచుట మీ పని.

మూడు: ఒక దినము తప్పినయెడల గొడవ చేయకుడి. రెండింతలు వేయకుడి. ఎందుకు తప్పెనో అడుగుడి. మగతయా, కడుపులో వికారమా, డబ్బు లేదా, సిగ్గా? కారణమును వైద్యునికి చెప్పినయెడల మందు మార్చును, మోతాదు మార్చును. మానుట తేలిక, చెప్పుట కష్టము. ఆ కష్టమైన పనిలో అతనికి నోరు మీరు కండి.

నాలుగు: అతడు మరల త్రాగినయెడల ఆ దినమే వైద్యునియొద్దకు తీసికొనిపొండు. డైసల్ఫిరామ్ మీద త్రాగినవానికి ఆయాసము, ఛాతినొప్పి కనబడినయెడల ఆలస్యము చేయక ఆస్పత్రికి చేర్చుడి. త్రాగియున్నవానికి ఆ మాత్ర ఇయ్యకుడి. నాల్ట్రెక్సోన్ వేసికొనువారు నొప్పులకు ట్రమడాల్ వంటి మాత్రలను అడగకుండ కొనరాదు. కల్తీకల్లునకు లోబడినవారు తమంతట తాము ఒక్కసారిగా మానరాదు. వైద్యుని చేతిక్రింద క్రమముగా మానవలెను. దగ్గుమందులలో కొన్నిటియందు మద్యముండును. కొనునపుడు అడిగి కొనుడి.

అయిదు: ఎక్కడికి పోవలెనో తెలియనివారు 14446 అను ఉచిత సంఖ్యకు ఫోను చేయవచ్చును. మనస్సు కలతచెందినవారికి 14416 అను టెలిమానస్ సంఖ్యయున్నది. ఈ రెండు అంకెలను మందిరపు తలుపుమీద వ్రాసిపెట్టుడి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మత్తుమందుల దుర్వినియోగముతో కూడిన స్థితులను మానసిక వ్యాధులలోనే చేర్చినది. ప్రభుత్వము రోగమని ఒప్పుకొన్నదానిని సంఘము శాపమనుట తగదు.

ఆరు: ప్రభు భోజనము. కొన్ని సంఘములలో పులిసిన ద్రాక్షారసము వాడుదురు. డైసల్ఫిరామ్ వేసికొనువాడు ఆ పాత్రలో పాలుపొందినయెడల అతని దేహమునకు హాని కలుగవచ్చును. మానినవాని నాలుకకు పాత రుచి తగులును. అతడు బల్లయొద్దకు రాక వెనుక కూర్చున్నయెడల ఇంకను త్రాగుచున్నాడని జనులు గుసగుసలాడుదురు. సంఘమంతయు పులియని ద్రాక్షారసమే వాడినయెడల ఎవరికి నష్టము? తన భోజనమువలన సహోదరుడు తొట్రిల్లునని తెలిసినయెడల తాను మాంసమే మానుదునన్న పౌలు మనకు మాదిరి.

ఏడు: సాక్ష్యములను మార్చుడి. మాత్ర పారవేసితిననువానికి చప్పట్లు కొట్టుట మానుడి. "నేను నూరుదినములు మాత్ర తప్పలేదు, ప్రభువు నన్ను నిలిపెను" అనువానిని నిలువబెట్టి అతనికొరకు కీర్తన పాడుడి. అంతకంటె ముఖ్యముగా, అతడు పడిపోయిన దినమునకూడ వచ్చి చెప్పుకొనగల మందిరముగా మన మందిరమును చేయుడి. నేను సమాధిచేసిన ఆ సహోదరుడు త్రాగినందుననే చనిపోయెనని నేననుకొనను. త్రాగితినని మాతో చెప్పలేకపోయెను గనుక చనిపోయెను.

మాదాపూర్, హైటెక్ సిటీ గాజుమేడలలో పెద్ద జీతములు తీసికొను మన యువకులలోను ఈ రోగమున్నది. వారు డబ్బుతో రహస్యముగా చికిత్స పొందుదురు, రహస్యముగానే మానుదురు. రోజుకూలి చేయువాని సిగ్గును, ఇంజనీరు సిగ్గును ఒక్కటే. సిగ్గును తొలగింపగలది మాత్ర కాదు. అది మన పని.

ప్రియులారా, ప్రభువు చెప్పిన ఉపమానమునకు మరల వత్తము. సమరయుడు గాయములు కట్టి, నూనెయు ద్రాక్షారసమును పోసి, సత్రమునకు చేర్చెను. మనము అక్కడ ఆగి ప్రసంగము ముగింతుము. అయితే ఉపమానము అక్కడ ముగియలేదు. మరునాడు అనునది ఒకటున్నది. మరునాడు అతడు రెండు దేనారములు తీసి సత్రపువానికిచ్చి, ఇంకను ఖర్చయినయెడల తిరిగి వచ్చునపుడు తీర్చెదనని మాట యిచ్చెను. మొదటి రాత్రి జాలి అనేకులకు కలుగును. మరునాటి ఖర్చు, తిరిగి వచ్చెదనన్న మాట, అదియే ప్రేమకు పరీక్ష. ఆ గాయపడినవాడు ఒక్కరాత్రిలో బాగుపడునని సమరయుడు అనుకొనలేదు. బాగుపడలేదని అతనిని నిందింపను లేదు.

లాజరును సమాధిలోనుండి పిలిచినవాడు ప్రభువే. ఆ పని మరెవరును చేయలేరు. బయటికి వచ్చినవాని ప్రేతవస్త్రముల కట్లు విప్పు పనిని మాత్రము ఆయన చుట్టునున్నవారికి అప్పగించెను. జీడిమెట్లలో మా సంఘస్థులలో ఇప్పుడు కొందరు దినదినము ఆ కట్లు విప్పించుకొనుచున్నారు. ఒకనికి తల్లి మాత్ర అందిచ్చును, ఒకనికి పెద్దకుమార్తె, తనవారెవరును లేని ఒకనికి మా సంఘపెద్ద ఉదయము ఆరు గంటలకు పోయి ఇచ్చి వచ్చును. రాబోవు పండుగకు వారు మీ ఊళ్లకు వత్తురు. వారి సంచులలో మాత్రలుండును. వాటిని వేదికముందర పడవేయుమని అడుగకుడి. ఒక గ్లాసెడు నీళ్లు ఇయ్యుడి.

ప్రార్థింతము: పరమ వైద్యుడవైన ప్రభువా, ఒకనాడు నీ నామమున చప్పట్లు కొట్టి నీ బిడ్డను పోగొట్టుకొన్న నీ దాసుని క్షమించుము. విధవరాలైన ఆ సహోదరిని, ఆమె పిల్లలను నీవే పోషించుము. నేడు చేయి వణకుచు మాత్ర పట్టుకొన్న ప్రతివానికి మరియొక దినము దయచేయుము. అతని ప్రక్కన కూర్చుండుటకు మాకు ఓపిక దయచేయుము. ఆమేన్.